మూడోసారి విరిగిన హ్యాండిల్

బండి మారుతి 800, 1997 మోడల్, కార్బ్యురేటర్ ఇంజిను. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. ఊరు గోదావరి పాయ వైనతేయ గట్టు పక్కన ఒక లంక. కంప్లయింటు ఒకటే: డ్రైవర్ వైపు బయటి డోర్ హ్యాండిల్ విరిగింది. పదకొండు నెలల్లో ఇది మూడోసారి.

దీనికి ఇంత రాయడమేమిటని తోటి మెకానిక్కులు నవ్వుతారని తెలుసు. ప్లాస్టిక్ హ్యాండిల్, 180 రూపాయలు, లోపల రెండు నట్లు, చేయి తిరిగినవాడికి ఇరవై నిమిషాల పని. నేనూ అలాగే అనుకున్నాను. ఫిబ్రవరిలో కంపెనీ హ్యాండిల్ విరిగితే మాస్టారు వేరే చోట మార్పించుకున్నారు. అది నవంబరు చివర్లో విరిగింది. అప్పుడు మార్చింది నేనే. తాటిపాక సెంటర్లో మా షెడ్డు ముందు బండి ఆపి, ఆయన టీ తాగి వచ్చేలోపు బిగించి ఇచ్చేశాను. డిసెంబరు మూడో వారంలో ఆయన మళ్ళీ వచ్చి, చొక్కా జేబులోంచి విరిగిన రెక్క తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఏరా అబ్బాయ్, గట్టి సరుకన్నావు."

అంతే, ఇంకేమీ అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

"సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు వస్తున్నారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఈ బండిలోనే వెళ్ళాలి. అల్లుడి ముందు నన్ను ఎడమ డోర్లోంచి పాకించకు" అన్నారు వెళ్తూ వెళ్తూ. నిజంగానే వారం రోజులుగా ఆయన ఎడమ వైపు ఎక్కి, గేర్ రాడ్ దాటుకుని డ్రైవర్ సీట్లోకి జరుగుతున్నారట. డెబ్బై రెండేళ్ళ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు.

పాత హ్యాండిల్ ముక్కలు పారేయొద్దని మా కుర్రాళ్ళకి ఎప్పుడూ చెబుతుంటాను. నవంబరులో తీసింది ఇంకా డబ్బాలోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఈ బండి హ్యాండిల్ అంటే డోర్లో పల్లంగా కూర్చునే ఒక గిన్నె, దాని లోపల వేళ్ళతో ఎత్తే రెక్క. రెక్కకి రెండు చివర్లా చెవులుంటాయి, వాటిలోంచి పిన్ను దూరుతుంది. మనం రెక్క ఎత్తితే లోపలున్న చేయి కదులుతుంది, ఆ చేయి ఒక సన్నటి రాడ్‌ని కదుపుతుంది, రాడ్ వెళ్ళి లాక్ మెషీన్‌లో కొక్కేన్ని వదిలిస్తుంది. రెండు ముక్కలూ ఒకే చోట, వెనక చెవి దగ్గర విరిగాయి. విరిగిన చోట ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి ఉంది. నాసిరకం ప్లాస్టిక్ ఒక్క దెబ్బకి పెళుక్కుమంటే లోపలి ముఖం నున్నగా ఉంటుంది, ఇలా తెల్లబారదు. తెల్లబారిందంటే రోజూ కొంచెం కొంచెం వంగి, అలిసిపోయి, చివరికి తెగిందని అర్థం. అంటే సరుకుది కాదు తప్పు, దాని మీద రోజూ పడుతున్న లాగుడుది. నవంబరులో ఈ ముక్క నా చేతిలోనే ఉంది. చూడలేదు, డబ్బాలో పడేశాను.

మాస్టారికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. "మాస్టారూ, మూడుసార్లూ ఏ వేళప్పుడు విరిగిందండి?"

ఆయన కాసేపు ఆలోచించారు. "పొద్దున్నేరా. మూడుసార్లూ పొద్దున్నే. మధ్యాహ్నం మహరాజులా వస్తుంది ఆ డోరు."

ఫిబ్రవరి, నవంబరు చివర, డిసెంబరు. మూడూ చలిపొద్దులే. ఆ మాటతో సగం దారి దొరికింది.

హ్యాండిల్ ఎంత గట్టిగా లాగాల్సి వస్తోందో మాటల్లో చెబితే ఎవరూ ఒప్పుకోరు. 'కొంచెం టైటుగా ఉంది' అంటే ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా. చేపలు తూచే పది కేజీల స్ప్రింగ్ కాటా ఒకటి మా ఇంట్లో ఉంది. మరో కొత్త హ్యాండిల్ తెచ్చి, రెండు నట్లతో తాత్కాలికంగా బిగించాను. రెక్కకి నైలాన్ దారం ఉచ్చు వేసి, కాటా కొక్కేనికి తగిలించి నెమ్మదిగా లాగాను. బండి రాత్రంతా ఆరుబయటే ఉంది. ఉదయం ఆరున్నర, చెట్ల మీద ఇంకా మంచు.

ఎడమ డోరు మూడు కేజీలకి టక్కుమని తెరుచుకుంది. కుడి డోరు, మన రోగి, తొమ్మిది దాటినా కదల్లేదు. కొత్త హ్యాండిల్ కూడా పోతుందని భయపడి వదిలేశాను.

తర్వాత డోరు తెరిచి పెట్టి రెండో పరీక్ష. ఇది ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. డోరు తెరిచి ఉండగానే లాక్ మెషీన్ నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టి కొక్కేన్ని లోపలికి తోయాలి. రెండుసార్లు క్లిక్ అంటుంది. మొదటిది సగం లాకు, రెండోది పూర్తి లాకు. ఇప్పుడు డోరు మూసిందనే మెషీన్ అనుకుంటుంది, కానీ డోరు బరువు గానీ రబ్బరు ఒత్తిడి గానీ దాని మీద లేవు. ఈ స్థితిలో రెక్క ఎత్తితే ఒట్టి మెషీన్ బిగువు ఎంతో తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: కొక్కేం అలా మూసి ఉండగా మర్చిపోయి డోరు వేయకూడదు. ఎదురుగా పిల్లర్ మీద, కొక్కేం పట్టుకోవడానికి ఉండే స్ట్రైకర్‌కి గుద్దుకుంటుంది. మా కుర్రాడు ఒకసారి వేశాడు, ఆ శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది.

అలా కొలిస్తే ఐదు కేజీలు. మధ్యాహ్నం ఎండ ఎక్కాక అవే కొలతలు మళ్ళీ తీశాను. తెరిచి ఉండగా మూడున్నర, మూసి ఉండగా ఆరున్నర. అంటే రోగం ఒకటి కాదు. మెషీన్‌లో ఏదో ఉంది, అది చలికి బిగుస్తోంది. మెషీన్ బయట కూడా ఏదో ఉంది, దానికి చలితో పని లేదు.

ఇక విప్పుడు. డోరుని లోపలి వైపు మూసే ప్యాడ్ ఊడాలంటే ముందు అద్దం తిప్పే హ్యాండిల్ తీయాలి. 800లో దానికి బయట స్క్రూ కనిపించదు, వెనకాల గుర్రపు లాడం ఆకారంలో స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీసేవాళ్ళు ప్యాడ్ చించుతారు. పాత లుంగీ గుడ్డ ముక్క చాలు. హ్యాండిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య గుడ్డ దూర్చి, రెండు కొసలు పట్టుకుని బూట్లు తుడిచినట్టు ఇటూ అటూ లాగితే గుడ్డ పోగు క్లిప్ కొసకి తగులుకుని దాన్ని బయటికి లాగేస్తుంది. క్లిప్ ఎగిరి ఎక్కడ పడిందో చూసుకోవాలి, మా షెడ్డులో అయితే అది కాలవలోకే.

ప్యాడ్ వెనక ఉండాల్సిన పాలిథిన్ షీటు చిరిగి వేలాడుతోంది. ఇంతకు ముందు విప్పినవాళ్ళు చింపేశారు అనబోయి ఆగాను. ఇంతకు ముందు విప్పింది నేను కూడా కదా. అద్దం అంచుల్లోంచి దిగే వాన నీటిని ప్యాడ్ మీదికి రానీయకుండా కిందికి పంపేది ఆ షీటే. కిందికి దిగిన నీళ్ళు డోరు అడుగున ఉన్న సన్నటి కంతల్లోంచి బయటికి పోవాలి.

పోవడం లేదు. అడుగున చేయి పెడితే మెత్తగా తగిలింది. ఒండ్రు. రెండు కొబ్బరి చిప్పలు నిండింది, లెక్కగా రెండు.

మాస్టారిని అడిగితే, 2022 జూలై వరదలో బండి రెండు రోజులు నీళ్ళలోనే ఉందన్నారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వదిలారు, లంకలన్నీ మునిగాయి. ఈయన వాకిట్లో నీళ్ళు డోరు అడుగు పైకి వచ్చాయట. "ఇంజిన్లోకి పోలేదురా, అదే పదివేలు అనుకున్నాం" అన్నారు. ఆ ఏడాది మా దగ్గరికి వచ్చిన బండ్లన్నిటికీ ఆయిల్ మార్చాం, బ్రేకులు విప్పాం, సీట్లు ఎండబెట్టాం. డోర్ల అడుగు ఎవరూ చూడలేదు, మేమూ చూడలేదు. నీరు తీసి వెళ్ళిపోయింది, బురద ఎండి కంతలకి బిరడాలా పట్టేసింది. ప్రతి వానాకాలం డోర్లో నీళ్ళు నిలవడం, ఆ చెమ్మకి మెషీన్ తుప్పు పట్టడం.

మెషీన్ విప్పి బల్ల మీద పెట్టాను. గ్రీజు ఉండాల్సిన చోట గోధుమరంగు పేస్టు, దాని అంచుల్లో తెల్లటి పొర. గోటితో గీకి రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఒంటి వేడికే కరిగి నూనె అయింది. వాసన చూస్తే ఇక అనుమానం లేదు.

కొబ్బరి నూనె.

మన సీమలో తాళం బిగుసుకుంటే కొబ్బరి నూనె, తలుపు కిర్రుమంటే కొబ్బరి నూనె, సైకిల్ చైనుకీ అదే. మాస్టారు నెలకోసారి చిన్న సీసాతో లాక్ నోట్లో పోస్తున్నారు, శ్రద్ధగా, నాలుగేళ్ళుగా. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కోనసీమలో దానికి ఆ అవకాశం దాదాపు రాదు. డిసెంబరు పొద్దున్న 20 లోపుకి దిగితే మెషీన్ లోపల వెన్నలా గడ్డ కడుతుంది. ఒట్టి నూనె అయితే అంత బలం ఉండేది కాదు గానీ ఇందులో వరద ఒండ్రు కలిసింది, తుప్పు పొడి కలిసింది, చేరిన దుమ్ము ఉంది. కొక్కేం వెనక్కి తిప్పే చిన్న స్ప్రింగు ఆ ముద్దని తోసుకుని రావాలి. అది చాలనప్పుడు మిగతాది మాస్టారి వేళ్ళు లాగాలి. ఆ లాగుడంతా పడేది రెక్క చెవి మీద.

కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, గాలి కొట్టి ఆరబెట్టాం. కదిలే చోట్ల తెల్ల లిథియం గ్రీజు పల్చగా పూశాం. పల్చగా అంటే పల్చగానే, ఎక్కువ పెడితే అదే మళ్ళీ దుమ్ముని పిలుస్తుంది. డబ్బాల్లో వచ్చే స్ప్రే ఆయిల్ గురించి చాలామంది అడుగుతారు. బిగుసుకున్నదాన్ని విడిపించడానికి మంచిదే, కానీ అది ఆరిపోయాక మిగిలేది తక్కువ. కడిగి, దాని మీద గ్రీజు పెడితేనే పని పూర్తయినట్టు.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి మళ్ళీ కాటా. తెరిచి ఉంటే రెండు కేజీలు, ఎడమ డోరు కన్నా హాయిగా ఉంది. మూసి ఉంటే ఐదున్నర. తొమ్మిది పైన ఉన్నది ఇక్కడికి వచ్చిందంటే చాలామంది బండి ఇచ్చేస్తారు. నవంబరులో నేనైతే ఇచ్చేసేవాణ్ణి. కానీ పక్క డోరు మూడు అంటుంటే ఇది ఐదున్నర ఎందుకనాలి?

డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కొత్తది. దీపావళికి వేయించారట, లోపలికి దుమ్ము వస్తోందని. వేళ్ళతో నొక్కితే లోపలికి పోవడం లేదు. డూప్లికేట్ బీడింగుల్లో ఇదే చిక్కు, చూడ్డానికి దిట్టంగా ఉంటాయి, మనకి దిట్టమంటే ఇష్టం. కానీ బీడింగ్ అణగాలి. అణగని రబ్బరు డోర్ని ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. ఆ తోపుని పట్టి ఉంచేది కొక్కేం. అలా బిగుసుకుపోయిన కొక్కేన్ని విడిపించడానికే హ్యాండిల్ మీద అదనపు బరువు. మాస్టారు కూడా అప్పటి నుంచి డోరు దబ్బున వేస్తేనే పడుతోందన్నారు. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా బతికిన హ్యాండిల్ తర్వాత వచ్చినది మూడు వారాల్లో పోవడానికి కారణం నా లెక్కలో ఇదే. బోలుగా, మెత్తగా ఉండే బీడింగ్ విజయవాడ ఆటోనగర్ నుంచి ఆర్టీసీ పార్సిల్‌లో తెప్పించాను. వేసి కొలిస్తే నాలుగు.

ఇంకొక కేజీ ఉంది. డోరు సగం తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తితే కటుక్కున కదిలింది. డోరుని బండికి పట్టి ఉంచే కబ్జాల్లో పైదాని పిన్ను అరిగింది. స్ట్రైకర్ పై అంచు అద్దంలా నిగనిగలాడుతోంది. అంటే డోరు కిందికి వాలి, మూసిన ప్రతిసారీ లాక్ నోరు స్ట్రైకర్ మీదికి ఎక్కి కూర్చుంటోంది. ఇలాంటప్పుడు స్ట్రైకర్ స్క్రూలు వదులు చేసి దాన్నే కాస్త కిందికి దించేయడం మన దగ్గర మామూలు. డోరు పడుతుంది, కస్టమరు వెళ్ళిపోతాడు. పిన్ను మాత్రం అరుగుతూనే ఉంటుంది, ఇంకో ఆరు నెలలకి స్ట్రైకర్ దించడానికి చోటుండదు. నేను కబ్జా చుట్టూ సూదితో గీత గీసి గుర్తు పెట్టుకుని, డోరు కింద జాకీ, జాకీ మీద గుడ్డ మడత పెట్టి విప్పాను. లేతు షాపులో కాస్త లావు పిన్ను చేయించి, రంధ్రం దానికి తగ్గట్టు సాపు చేయించి వేశాం. స్ట్రైకర్‌ని ముట్టుకోలేదు.

పిన్ను అరిగింది ఎందుకో తెలుసుకోవడానికి విప్పాల్సిన పని లేకపోయింది. మాస్టారు బండి దిగుతుంటే చూశాను. ఎడమ చేయి స్టీరింగ్ మీద, కుడి చేయి డోరు పై అంచు మీద, ఒంటి బరువంతా దాని మీద వేసి "నారాయణా" అంటూ లేచారు. ఇరవై ఏళ్ళుగా అలాగే లేస్తున్నారు.

"మాస్టారూ, డోరు పట్టుకుని లేవకండి."

"మరి దేన్ని పట్టుకు లేవనోయ్, నిన్నా?"

దానికి నా దగ్గర అప్పటికి జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించి డ్రైవర్ సీటు కుషన్ కింద రెండు అంగుళాల కొబ్బరి పీచు ప్యాడు కోసి వేయించాను. 800లో సీటు మరీ కిందికి ఉంటుంది, మోకాలు నడుము కన్నా ఎత్తులో పడుతుంది, అందుకే లేవడం కష్టం. రెండు అంగుళాలు పెరిగేసరికి కాళ్ళు రెండూ బయట పెట్టి సీటు అంచు మీద చేయి ఆనించి లేవగలుగుతున్నారు. డోర్ హ్యాండిల్ పనిలో సీటు ప్యాడు బిల్లు చూసి మా కుర్రాడు నా వైపు అదోలా చూశాడు.

చివరిగా రాడ్. హ్యాండిల్ చేయి, రాడ్ కలిసే చోట మరల మీద తిరిగే ప్లాస్టిక్ గుండీ ఒకటి ఉంటుంది. నవంబరులో పాతది ఎలా ఉందో అలాగే తగిలించేశాను, అది రెండో తప్పు. రాడ్ వదులుగా ఉంటే రెక్క చివరి దాకా ఎత్తాక గానీ కొక్కేం వదలదు. రెక్క గిన్నెకి తగిలి ఇక పైకి పోదు, మనిషేమో ఇంకా లాగుతుంటాడు, చెవి తెగుతుంది. మరీ బిగిస్తే కొక్కేం పూర్తిగా పట్టదు, దారిలో డోరు తెరుచుకునే ప్రమాదం ఉంది, అది ఇంకా పెద్ద తప్పు. రెక్క ఎత్తడం మొదలుపెట్టగానే రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీగా కదిలి, సగం దాటాక టక్కుమనాలి. గుండీ తిప్పడం, తగిలించడం, ఎత్తి చూడడం, నాలుగుసార్లు చేశాను. గుండీని పట్టి ఉంచే క్లిప్ ఎండిపోయి పెళుసెక్కింది, అదీ మార్చాను. ఈ క్లిప్ పోతే హ్యాండిల్ బాగున్నా ఉట్టినే ఊగుతుంది, చాలామంది అప్పుడు కూడా హ్యాండిలే మార్పిస్తారు.

విరిగిన దాన్నే అతికించొచ్చు కదా అని మాస్టారు మొదట్లోనే అడిగారు. ఎం-సీల్ పెట్టి కూడా చూశారట, రెండు రోజులు ఉందట. చెవి దగ్గర గోడ మందం రెండు మూడు మిల్లీమీటర్లు. అక్కడ అతుకు పట్టినా పిన్ను తిరగడానికి చోటుండదు, చోటు వదిలితే అతుకుకి బలం ఉండదు. వేడి చువ్వతో ప్లాస్టిక్ కరిగించి లోపల తీగ దూర్చేవాళ్ళున్నారు, గిన్నె పగిలితే అది పనికొస్తుంది, చెవికి కాదు. వేరే బండ్ల క్రోమ్ హ్యాండిళ్ళ సంగతి ఇంకోటి. పైన మెరుపు చూసి ఇనుమనుకుని వెల్డింగుకి తీసుకెళ్తారు. అవి చాలావరకు జింక్ పోత. 400 డిగ్రీలు కూడా రాకముందే కరిగి కూర్చుంటుంది, చూస్తుండగానే హ్యాండిల్ కాస్తా ముద్ద అవుతుంది. దొరికినంత కాలం కొత్తది వేసుకోవడమే మేలు. 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా విడిభాగాలకి ఇంకా కొరత లేదు. ఎడమ, కుడి, ముందు, వెనక తేడా చూసి తెచ్చుకుంటే చాలు.

డోరు అడుగు కంతలు తీగతో పొడిచి, కడిగి, లోపల తుప్పు మందు కొట్టి, కొత్త పాలిథిన్ షీటు అంటించి ప్యాడ్ వేశాం. భోగికి నాలుగు రోజుల ముందు పొద్దున్నే ఆరున్నరకి ఆఖరి కొలత: మూడు. రెండు డోర్లూ సమానం.

బిల్లులో నా లేబరు హ్యాండిల్‌కి వేయలేదు. నవంబరులో తీసుకున్నది చాలు.

ఉగాది ముందు ఆయిల్ మార్పించడానికి వచ్చినప్పుడు ఊరుకోలేక కాటా తగిలించాను. మూడే. సంతోషపడి డోరు పాకెట్లోకి చూద్దును కదా, చిన్న సీసా, సగం దాకా నూనె.

"మాస్టారూ!"

"అది తలకిరా" అన్నారు, నా వైపు చూడకుండా.